ఒకే కడుపున పుట్టాం, తమ్ముడే ఎందుకు మునిగాడు?

దేవరకొండ_పెద్దోడు | ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాకు 38, తమ్ముడికి 34. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వాడు ఊళ్లో ట్రాక్టర్ తోలేవాడు, ఇప్పుడు ఆ పనీ పోయింది. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి. ఒక క్వార్టర్ పడితే గానీ చాయ్ గ్లాసు పట్టుకోలేడు. మరదలు పిల్లలిద్దరినీ తీసుకుని పుట్టింటికి వెళ్లి మూడు నెలలైంది.

మా నాయనా తాగేవాడు. మొదట కల్లు, తర్వాత సారా, సారా బంద్ అయ్యాక ఏది దొరికితే అది. తాగి వస్తే ఇంట్లో గిన్నెలు ఎగిరేవి, అమ్మ ఒంటి మీద దెబ్బలు పడేవి. ఆయన పోయి పదకొండేళ్లు.

నా ప్రశ్న ఒక్కటే. అదే తండ్రి, అదే తల్లి, అదే రెండు గదుల ఇల్లు. నేను పెళ్లిళ్లకు, దావత్‌లకు తప్ప ముట్టను. వాడెందుకు ఇలా అయ్యాడు? ఊళ్లో అందరూ 'వానికి ఇగురం (బుద్ధి) లేదు' అంటారు. ఇన్నాళ్లూ నేనూ అదే అన్నాను. నిన్న ఊరికి వెళ్తే అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. చిన్నప్పటి నుంచీ వాడికి కాస్త నత్తి. 'అ... అన్నా, నాతోని అయితలేదే' అన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలియక బస్సెక్కి వచ్చేశాను.

ఉక్కు_పిడికిలి | ఆదివారం, రాత్రి 11:20

బాధగానే ఉంది కానీ నిజం చెప్పాలి బ్రదర్. మీరూ అదే ఇంట్లో పెరిగారు, మీరు తాగలేదు. అంటే ఇంటి తప్పు కాదు, వాడి తప్పు. మనసు గట్టిగా ఉన్నవాడికి వైన్స్ పక్కన ఇల్లున్నా ఏం కాదు. ఒక నెల గదిలో పెట్టి తాళం వేయండి, అదే దిగుతుంది.

వార్డు_సిస్టర్ | ఆదివారం, రాత్రి 11:41

తాళం వేయకండి! మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది చదవండి.

పొద్దున చేతులు వణికి, ఒక పెగ్గుతో ఆగుతున్నాయంటే ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందని అర్థం. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది. నేను మానసిక వైద్య వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఏటా కార్తీకమాసంలో అయ్యప్ప మాల వేసుకున్న రెండు మూడు రోజులకే ఫిట్స్‌తో వచ్చేవాళ్లను చూస్తాను. నల్ల బట్టలతోనే స్ట్రెచర్ మీద ఉంటారు. ఇంటివాళ్లు దేవుడికి కోపం వచ్చిందనుకుంటారు. కోపం దేవుడిది కాదు, సీసా హఠాత్తుగా ఆగింది.

ఆపాల్సిందే. కానీ డాక్టర్ చేతిలో, మాత్రలతో, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో ఆపాలి. ఇంకొకటి, 'తెలియకుండా కూరలో కలిపితే మానేస్తాడు' అని పొడులు అమ్ముతారు. వాటి జోలికి పోవద్దు. మందు మాన్పించే మాత్ర లోపల ఉండగా మనిషి తెలియక తాగితే బీపీ పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 7:05

మాత్రల పేర్లు, డోసులు ఇక్కడ రాయవద్దు. ఉచిత ఫోన్ సలహాకు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసన విముక్తికి ప్రత్యేకంగా 14446. చర్చ కొనసాగించండి.

కొల్లాపూర్_మాస్టారు | సోమవారం, ఉదయం 7:48

ఉక్కు గారికి ఒక సంగతి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు హెరాయిన్ విపరీతంగా వాడారు. 1971లో తిరిగొచ్చిన వాళ్లను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు విచారిస్తే, దాదాపు ఐదుగురిలో ఒకరు అక్కడ దానికి బానిసయ్యామని చెప్పారు. వీళ్లంతా దేశంలోకి వస్తే ఏం కావాలని ప్రభుత్వం గాభరా పడింది. తీరా చూస్తే ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది ఆ బాధితుల్లో సుమారు 5 శాతమే. మనుషులు అవే మనుషులు, మనసులు అవే మనసులు. మారింది చోటు. చావు భయం, విసుగు, చేతికందే దూరంలో చవక మత్తు అక్కడ ఉన్నాయి. ఇక్కడ ఇల్లు, పని, తెలిసిన ముఖాలు ఉన్నాయి.

కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ ఎలుకలతో ఇలాంటిదే చేశాడు, 1970ల చివర్లో. ఒంటరిగా ఇరుకు బోనులో పెట్టిన ఎలుకలు మార్ఫిన్ నీళ్లు తెగ తాగాయి. తోటి ఎలుకలతో ఆడుకునే విశాలమైన చోట పెట్టినవి చాలా తక్కువ తాగాయి. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లకు ఫలితం అంత గట్టిగా రాలేదని కూడా చెప్పాలి. నేను సైన్సు మాస్టారిని, సగం చెప్పి ఊరుకోను.

మునుగోడు_అక్క | సోమవారం, ఉదయం 9:15

ఎలుకలు, సైనికులు బాగానే ఉన్నారు సార్. నా పెళ్లయి పంతొమ్మిదేళ్లు, పదిహేడేళ్లు తాగుబోతు మొగుడితో వేగాను. ఒంటరితనం, చిన్ననాటి గాయం అని మీరంతా కారణాలు చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మరి నాకు లేదా గాయం? నేను తాగానా? పొద్దున నాలుగింటికి లేచి పత్తి ఏరబోయాను. కారణం దొరికిన ప్రతి మగాడు దాన్నే గ్లాసులో పోసుకుని తాగుతాడు.

దేవరకొండ_పెద్దోడు | సోమవారం, ఉదయం 9:40

అక్కా, మీ మాట కాదనలేను. మా అమ్మా ఇదే అనేది.

వార్డు_సిస్టర్ | సోమవారం, మధ్యాహ్నం 2:10

అక్క అడిగింది సరైన ప్రశ్న. కారణం వేరు, సాకు వేరు. వాన ఎందుకు పడిందో తెలిసినంత మాత్రాన తడిసిన బట్టలు ఆరవు. కానీ తెలిస్తే గొడుగు ఎక్కడ పట్టాలో తెలుస్తుంది. డ్యూటీలో తీరిక దొరికింది, కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఒకే సంతానంలో ఒకరే ఎందుకు అన్నదానికి మొదటి ముక్క రక్తంలో ఉంది. మద్యానికి బానిసయ్యే గుణంలో దాదాపు సగం వంశపారంపర్యమని కవలల మీద చేసిన పరిశోధనలు చెప్తున్నాయి. కానీ అన్నదమ్ములకు తల్లిదండ్రుల జన్యువులు ఒకేలా పంచుకోబడవు, పొలంలా సమానంగా గట్టు వేసి ఇచ్చేవి కావు అవి. కొందరికి నాలుగు పెగ్గులు పడినా మత్తెక్కదు. ఊళ్లో వాళ్లను 'గట్టోడు' అని మెచ్చుకుంటారు. నిజానికి ఎక్కువ ప్రమాదం వాళ్లకే, ఆగమని ఒళ్లు హెచ్చరించదు కాబట్టి.

రెండోది మనసు తీరు. అప్పటికప్పుడు అనిపించింది చేసేసే దూకుడు ఒకటి. లోలోపల దిగులు, భయం, నలుగురిలో మాట రాకపోవడం ఇంకొకటి. పెద్దన్నా, మీ తమ్ముడికి నత్తి అన్నారు కదా. తాగినప్పుడు నత్తి ఎలా ఉండేది?

మూడోది బాల్యం. 1998లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 9,500 మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి సంగతులు అడిగారు. ఇంట్లో కొట్టడం, తిట్టడం, తల్లిని హింసించడం చూడటం, తాగుబోతు పెద్దలు, ఇలాంటివి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ అనుభవించిన వాళ్లలో తాగుడు, మత్తు పదార్థాలు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం 4 నుంచి 12 రెట్లు ఎక్కువ కనిపించాయి. అంటే అందరూ అవుతారని కాదు. అక్క లాంటి వాళ్లు అందుకు సాక్ష్యం. ఆడవాళ్లలో ఆ గాయం చాలాసార్లు వేరే రూపంలో బయటపడుతుంది. నిద్ర పట్టకపోవడం, ఒళ్లంతా నొప్పులు, గుండె దడ. వాళ్లు మా వార్డుకు రారు, జనరల్ ఓపీలో లైన్లో ఉంటారు.

అక్కా, మీరు ఎన్నేళ్లుగా సరిగ్గా నిద్రపోవడం లేదు?

మునుగోడు_అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:31

అది ఇప్పుడెందుకు లెండి.

తాటివనం | సోమవారం, సాయంత్రం 6:02

పెద్దన్న మొదట్లోనే 'కల్లు' అన్నారు కాబట్టి ఒక మాట. మాది గౌడ కుటుంబం. మా తాత మోకు, ముత్తాదు వేసుకుని రోజుకు ఇరవై చెట్లు ఎక్కేవాడు. పొద్దున దించిన చెట్టు కల్లుతో ఎవరూ బానిస కాలేదు. కల్లును బద్నాం చేయకండి.

కొల్లాపూర్_మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:30

'ఎవరూ కాలేదు' అనకండి తమ్ముడూ. తక్కువ మంది అయి ఉండొచ్చు. పులిసిన కల్లులోనూ ఆల్కహాలే ఉంటుంది.

తాటివనం | సోమవారం, సాయంత్రం 6:44

సరే మాస్టారూ, ఆ మాట కొట్టేస్తున్నా. కానీ అసలు నాశనం ఎక్కడ జరిగిందో మీకూ తెలుసు. చెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్లు తగ్గలేదు. అప్పుడు నీళ్లలో సీహెచ్ పౌడర్ (క్లోరల్ హైడ్రేట్), డైజోఫాం (డయాజెపాం), ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి సీసాల్లో అమ్మడం మొదలైంది. అది కల్లు కాదు, నిద్రమాత్రల నీళ్లు. 2015లో సర్కారు కల్తీ మీద దాడులు చేసి అది ఆగిపోయేసరికి మన పాలమూరులో, నిజామాబాద్ దిక్కున జనం పిచ్చి పట్టినట్టు అయ్యారు. నోట్లో నురగలు, తల వెనక్కి వాల్చేయడం, లేనివాళ్లతో మాట్లాడటం. ఆసుపత్రి వరండాల్లో కట్టేసి ఉంచారు. అందులో కూలికి పోయే ముసలమ్మలు కూడా ఉన్నారు. వాళ్లకు ఇగురం లేదని అందామా? సాయంత్రం ఒక సీసా తాగితే ఒళ్లు నొప్పులు పోయి నిద్ర పడుతుందని తాగారు. అందులో ఏముందో ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

మా నాన్న ఆ పని చేయనని మండువ (కల్లు అమ్మే చోటు) వదిలేశాడు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్.

వలసబాట | సోమవారం, రాత్రి 8:55

మాది నారాయణపేట దిక్కు. పదహారేళ్లు పుణె, ముంబైలో సెంట్రింగ్ పని చేసిన. ఇప్పుడు ఊర్లో చిన్న కిరాణం. నేను ఎట్ల మొదలుపెట్టిన్నో చెప్తా.

మొదటి ఏడాది నాకు పంతొమ్మిది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినం. రేకుల షెడ్డులో పదకొండు మందిమి. పొద్దంతా ఇనుము మోస్తే రాత్రికి భుజాలు లేవవు. చీకటి పడంగనే మేస్త్రీ అందరికీ తలో క్వార్టర్ తెచ్చేది. ఉత్తగ కాదు, పుస్తకంలో రాసుకునేది. తాగనంటే 'ఏమ్రా, ఆడపిల్లవా' అని నవ్వుతరు. తాగితే నొప్పి తెల్వదు, ఇల్లు యాదికి రాదు. తెల్లారి మళ్ల పనికి లేస్తం. మేస్త్రీకి కావల్సింది కూడా అదే. సీజన్ అయినంక లెక్క చూస్తే నా కూలిలో ఎంత సీసాలకు పోయిందో నాకే తెల్వలే. అడ్వాన్సు తీరలే, మళ్ల ఏడు మళ్ల పోయిన.

మా గుంపులో పదకొండు మందిలో ఇద్దరే తాగలే. ఒకాయన పెండ్లాం పిల్లలతోని వచ్చిండు, వేరే గుడిసె. ఇంకొకాయన రోజూ రాత్రి భజన చేస్తుండె. మిగిలిన మాకు రాత్రి చేయడానికి ఏం పని ఉండె? చెప్పండ్రి.

ఉక్కు_పిడికిలి | సోమవారం, రాత్రి 9:20

మేస్త్రీ సంగతి నాకు తెలియదు. ఇది దోపిడీ.

పాత_బస్టాండ్_26 | సోమవారం, రాత్రి 11:58

నేను మందు ముట్టను. కానీ ఈ చర్చ నా గురించే అనిపించి రాస్తున్నాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ అయింది, గ్రూప్స్‌కు చదువుతున్నానని ఇంట్లో అనుకుంటారు. నాది ఆన్‌లైన్ రమ్మీ. మన రాష్ట్రంలో 2017 నుంచే బంద్ అని తెలుసు, ఆడేవాడికి దారులు దొరుకుతాయి, అవి ఇక్కడ రాయను. మొత్తం నాలుగు లక్షల ఇరవై వేలు. అందులో రెండు లక్షలు లోన్ యాప్‌లవి.

గెలిచినందుకు కాదు ఆడింది. ఒక్క ముక్క తేడాతో పోయినప్పుడే చెయ్యి ఆగదు. ఎప్పుడు వస్తుందో తెలియకుండా అప్పుడప్పుడు వచ్చే గెలుపు మనిషిని కట్టేస్తుందని ఎక్కడో చదివాను. పరీక్ష నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లు ఎదురుచూసినవాడికి, ఐదు నిమిషాల్లో ఫలితం చెప్పే ఆట ఎంత హాయిగా ఉంటుందో మీకు చెప్పలేను. ఫ్రెండ్స్ ఉద్యోగాల్లో చేరారు, ఫోన్లు ఎత్తడం మానేశాను. రాత్రి గదిలో ఆ ఒక్క స్క్రీనే నన్ను 'ఏం చేస్తున్నావ్' అని అడగదు.

వార్డు_సిస్టర్ | మంగళవారం, ఉదయం 6:20

తమ్మీ, జూదాన్ని 2013 నుంచీ మానసిక వైద్యుల పుస్తకాల్లో మద్యం, మత్తు పదార్థాల పక్కనే వ్యసనంగా పెట్టారు. నువ్వు చెడ్డవాడివి అయిపోలేదు, దీనికి వైద్యం ఉంది. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, ప్రాణం విసుగనిపిస్తే ఆ నిమిషమే 14416కు ఫోన్ చెయ్యి. అప్పు సంగతి ఇంట్లో ఒక్కరికైనా చెప్పు. ఎవరికి చెప్పగలవు?

పాత_బస్టాండ్_26 | మంగళవారం, ఉదయం 6:34

చిన్నక్కకు చెప్పొచ్చు.

వార్డు_సిస్టర్ | మంగళవారం, ఉదయం 6:35

ఈ రోజే చెప్పు.

తొమ్మిదేళ్లుగా_చాయ్ | మంగళవారం, ఉదయం 10:10

నా పేరులోనే ఉంది సంగతి. సూర్యాపేటలో చిన్న మెకానిక్ షెడ్డు. మూడుసార్లు ఆసుపత్రిలో చేరి మానేశాను, మూడుసార్లూ మళ్లీ మొదలుపెట్టాను. మూడుసార్లూ దావత్‌లోనే. మొదటిసారి బావమరిది పెళ్లి, రెండోసారి దసరా, మూడోసారి మా నాన్న దినం. ఏ దావత్‌లోనూ నన్ను తాగమని శత్రువు అడగలేదు. 'ఒక్క కట్టింగే కదా, నా మీద గౌరవం లేదా' అన్నది అయినవాళ్లే.

మన దగ్గర పిల్ల పుడితే సీసా, పిల్లి చస్తే సీసా. ఓట్లు వస్తే చెప్పే పనే లేదు. బెల్టు షాపు ఇంటికి వందడుగులు, బస్టాప్ కిలోమీటరు. ఇట్లాంటి చోట ఎవడు మునుగుతాడు అని అడగడం కంటే ఎవడు ఎట్లా తేలుతున్నాడు అని అడగాలనిపిస్తది నాకు.

ఇంకో మాట కూడా. జీతమున్నోడు శనివారం రాత్రి తాగితే పార్టీ. కూలోడు అదే తాగితే తాగుబోతు. పెద్దన్నా, మీరు 'దావత్‌లకు తప్ప' అన్నారు. నెలలో ఎన్ని దావత్‌లు?

దేవరకొండ_పెద్దోడు | మంగళవారం, రాత్రి 9:30

రెండు రోజులుగా మీ అందరి మాటలూ చదువుతున్నాను. జవాబులు ఒక్కొక్కటే ఇస్తాను.

సిస్టర్ అడిగింది. తాగితే వాడికి నత్తి దాదాపు పోయేది. మా ఊరి పీర్ల పండుగకు వాడికి పదహారేళ్లప్పుడు, తాగి ధూలా ఆడుతూ పాట ఎత్తుకున్నాడు. ఎక్కడా ఆగకుండా పాడాడు. ఊరంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. బడిలో హాజరు పలకలేక 'ప... ప...' అంటుంటే నవ్విన పిల్లలే ఆ రోజు వాడిని భుజాల మీద ఎత్తుకున్నారు. ఇది రాస్తుంటే చెయ్యి ఆడటం లేదు.

చాయ్ అన్న అడిగింది. నెలలో నాలుగు. ఈ మధ్య ఐదు, ఆరు. దావత్ లేని శనివారం కూడా.

కొల్లాపూర్_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:52

తమ్ముడు మొదటిసారి ఎప్పుడు తాగాడో గుర్తుందా? అమెరికాలో 1997లో వచ్చిన ఒక పరిశోధనలో, 15 ఏళ్లలోపే తాగుడు మొదలుపెట్టిన వాళ్లలో 40 శాతం దాకా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టిన వాళ్లలో సుమారు 10 శాతం. మంచీచెడూ ఆలోచించి ఆగమనే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. నా తరగతిలో ఆరో క్లాసు పిల్లాడు సోమవారం పొద్దున నిద్రమత్తులో వస్తే ముందు తిట్టేవాడిని. ఇప్పుడు ఆదివారం ఎవరింటికి వెళ్లావని అడుగుతాను.

దేవరకొండ_పెద్దోడు | మంగళవారం, రాత్రి 10:15

ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. నాయన కల్లు సీసాలు తెమ్మని కాంపౌండ్‌కు పంపేవాడు. దారిలో ఒక గుక్క తాగి, తెలియకుండా నీళ్లు కలిపి తెచ్చేవాడు. అందరం నవ్వుకునేవాళ్లం.

వార్డు_సిస్టర్ | మంగళవారం, రాత్రి 10:21

ఆ సీసాలు మీరెందుకు తేలేదు? పెద్దవారు మీరే కదా.

దేవరకొండ_పెద్దోడు | మంగళవారం, రాత్రి 11:47

గంటన్నరగా ఇది ఎలా రాయాలా అని చూస్తున్నాను.

నేను ఐదో తరగతి అయ్యాక గురుకులం పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాను. పదకొండేళ్లకు హాస్టల్‌కు వెళ్లిపోయాను. ఇంటర్, డిగ్రీ అన్నీ హాస్టళ్లే. సెలవులకు వచ్చేవాడిని, నాలుగు రోజులుంటే విసుగొచ్చి ఏదో వంక పెట్టి వెళ్లిపోయేవాడిని. నాయన మరీ ఎక్కువ తాగిన ఏళ్లన్నీ నేను ఇంట్లో లేను. అమ్మకు అడ్డం పడింది వాడు. ఏడేళ్ల పిల్లాడు. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు వాడి మోచేతికి కట్టు ఉంది, చెట్టు మీద నుంచి పడ్డానన్నాడు.

మొదటి రోజు 'అదే ఇల్లు' అని రాశాను. అదే ఇల్లు కాదు.

మునుగోడు_అక్క | బుధవారం, ఉదయం 5:10

అయ్యా, రాత్రి చదివాను. మీ మీద కోపం లేదు.

మా నాయన సంగతి కూడా రాస్తాను. మా దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటారు, మేం పుట్టినప్పటి నుంచీ తాగింది దానికి ఎన్నో రెట్లు. నలభై ఐదేళ్లకే నాయన నడుము కర్రలా బిగిసింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నొప్పి మాత్రలకు డబ్బులేవి? బెల్టు షాపు పక్కనే. అప్పుడు ఆయన్ని తాగుబోతని అసహ్యించుకున్నాను. చివర్లో మంచం మీద ఉన్నప్పుడు 'బిడ్డా, నొప్పి ఆగితే చాలు' అన్నాడు. నా మొగుడి సంగతి వేరు. ఆయనకు ఏ నొప్పీ లేదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టమంటే నా వల్ల కాదు.

సిస్టర్, పన్నెండేళ్లు. నిద్ర లేక.

వార్డు_సిస్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

అక్కా, మీకు విడిగా మెసేజ్ పెట్టాను, చూడండి.

పెద్దన్నా, కుంగిపోవద్దు. పదకొండేళ్ల పిల్లాడు చదువుకోడానికి వెళ్లడం తప్పు కాదు. అలాగని మీరు తప్పించుకున్నారనీ అనుకోవద్దు. 1973లో డెన్మార్క్‌లో ఒక అధ్యయనం చేశారు. తాగుబోతు తండ్రులకు పుట్టి పసితనంలోనే వేరే ఇళ్లకు దత్తత పోయిన మగపిల్లల్లో కూడా, మిగతా దత్తత పిల్లలకంటే తాగుడు సమస్య నాలుగు రెట్లు దాకా కనిపించింది. ఇల్లు మారింది, రక్తం వెంట వచ్చింది. మీ శనివారాలు అందుకే అడుగుతున్నాం.

నాలుగు ప్రశ్నలు, మనసులో జవాబు చెప్పుకోండి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున లేస్తూనే తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునంటే డాక్టర్‌తో మాట్లాడే సమయం వచ్చినట్టే.

2019లో వచ్చిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మిగతా 37 మంది ఎక్కడున్నారంటే అరుగుల మీద, షెడ్డుల్లో, ఇగురం లేదని అనిపించుకుంటూ.

ఉక్కు_పిడికిలి | బుధవారం, రాత్రి 10:05

రెండింటికి అవును. నాకు. పెద్దన్నకు కాదు. తాళం సంగతి వాపసు తీసుకుంటున్నాను, మా నాన్న నాకు అదే చేశాడు.

తొమ్మిదేళ్లుగా_చాయ్ | బుధవారం, రాత్రి 10:09

అన్నా, సూర్యాపేట దిక్కు వస్తే షెడ్డుకు రా. చాయ్ మనదే.

దేవరకొండ_పెద్దోడు | ఇరవై ఆరు రోజుల తర్వాత, ఆదివారం

చెప్పకుండా మాయమైనందుకు క్షమించండి.

తమ్ముణ్ని ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చి పన్నెండు రోజులు నేనే దగ్గరున్నాను. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని దుప్పటి దులుపుతూనే ఉన్నాడు. సిస్టర్ ముందే చెప్పకపోతే నేను భయపడి పారిపోయేవాడిని. అక్కడి డాక్టరమ్మ నత్తికి స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టమన్నారు. 34 ఏళ్లలో ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆవిడే. మరదలు ఒకసారి వచ్చి చూసి వెళ్లింది. పిల్లల్ని తీసుకురాలేదు. తేనని చెప్పింది కూడా, నేను అడగలేదు.

ఎనిమిదో రోజు అనుకుంటా, మాత్రలు వేసుకుని పడుకోబోతూ అడిగాడు. 'అన్నా, మీ హాస్టల్ల రాత్రి లై... లైట్లు ఎన్ని గంటలకు బంద్ చేస్తుండె?' తొమ్మిదిన్నరకు అన్నాను. 'మరి చీకట్ల భయం కాకపోతుండెనా?' అన్నాడు. నలభై మందిమి వరుసగా పడుకునేవాళ్లం, భయం ఉండేది కాదు అన్నాను. ఇంకా ఏం తినేవాళ్లం, ఎవరు కొట్టేవారు, పండక్కి ఏం చేసేవారు, గంటసేపు అడుగుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నా రూంలోనే ఉన్నాడు. నా శనివారాలు కూడా ఆపాను, ఇంట్లో సీసా ఉంచి వాడిని ఆపమనలేను కదా.

తాటివనం | ఆదివారం, సాయంత్రం 5:15

చాలా సంతోషం అన్నా. దసరా దగ్గర పడుతోంది. ఊరికి తీసుకెళ్తారా?

దేవరకొండ_పెద్దోడు | ఆదివారం, సాయంత్రం 5:40

ఈ ఏడు లేదు. ఆ రోజు ఇద్దరం డిండి ప్రాజెక్టుకు వెళ్లి చేపలు పడదామని వాడే అన్నాడు. గాలాలు కొనాలి. రానున్న గురువారం ఆసుపత్రికి చూపించుకోవడం ఉంది, అది అయ్యాక.

వార్డు_సిస్టర్ | ఆదివారం, సాయంత్రం 5:52

గురువారం ఓపీ చీటీ పొద్దున తొమ్మిదిలోపే తీసుకోండి, తర్వాత రద్దీ ఉంటుంది. పాత మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి, ఎన్ని మిగిలాయో చూస్తారు.